దాడి చేసినవాళ్ళ వైపు నుంచి: వర్జీనియా కందకాల వెంట

వాషింగ్టన్ నుంచి రిచ్‌మండ్ మీదుగా పీటర్స్‌బర్గ్ వరకు సాగే ఇంటర్‌స్టేట్ 95 రహదారి మీద మా తెలుగువాళ్ళు ఉద్యోగాలకూ, గుళ్ళకూ, పెళ్ళిళ్ళకూ నిత్యం తిరుగుతూనే ఉంటారు. ఆ దారికి అటూ ఇటూ ఉన్న పొలాల్లోనే 1862 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధపు పదాతిదళాలు గోడల మీదికీ కందకాల మీదికీ పదేపదే నడిచి వెళ్ళాయి. వేసవి సెలవులకు కూతురి దగ్గరికి వచ్చిన మా మామయ్య సింగరేణిలో, మొదట కొత్తగూడెంలోనూ తరువాత గోదావరిఖనిలోనూ, భూగర్భ గనుల్లో ఓవర్‌మన్‌గా, అంటే పని పర్యవేక్షకుడిగా, పనిచేసి రిటైరైన మనిషి. పీటర్స్‌బర్గ్‌లో బొగ్గుగని కార్మికులు శత్రువుల కోట కింద సొరంగం తవ్వారని విన్న రోజు నుంచి దానిని చూడాలని పట్టుబట్టారు. సొరంగం ఒక్కటే చూస్తే అది ఎందుకు తవ్వవలసి వచ్చిందో అర్థం కాదని, యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలచుకునే మెమోరియల్ డే సెలవుల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి యుద్ధం నడిచిన వరుసలోనే వెళదామని నేను అన్నాను. ప్రతిచోటా దాడి చేసినవాళ్ళు బయలుదేరిన చోటి నుంచే మేమూ నడవాలని నియమం పెట్టుకున్నాము.

శనివారం, ఫ్రెడరిక్స్‌బర్గ్

ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది కొండ పాదంలో ఉన్న సందర్శక కేంద్రం దగ్గర కారు ఆపి, గోడ వెనుక నుంచి ఊరి వైపు చూసి వెళ్ళిపోతారు. మేము రాపహానక్ నది ఒడ్డున కారు ఆపాము. అవతలి గట్టు మీద చాతమ్ అనే పాత భవనం కనిపిస్తుంది. యూనియన్, అంటే ఉత్తరాది, సేనాపతులు మకాం వేసిన ఆ భవనమే పోరు జరిగినప్పుడు ఆసుపత్రిగా మారింది. 1862 నవంబరు మధ్యలోనే ఉత్తరాది సైన్యపు ముందు దళాలు ఆ గట్టుకు చేరుకున్నాయి. అప్పటికి ఊళ్ళో చెప్పుకోదగ్గ దక్షిణాది సైన్యమే లేదు. అయితే నది మీద పడవల వంతెనలు వేయడానికి కావలసిన పాంటూన్లు వాషింగ్టన్ నుంచి సమయానికి రాలేదు. సేనాపతి ఆంబ్రోస్ బర్న్‌సైడ్ వాటికోసం కూర్చున్న రోజుల్లో, దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ తన 70 వేలకు పైబడిన సైన్యాన్ని ఊరి వెనుక గుట్టల మీద తీరిగ్గా నిలబెట్టుకున్నాడు. డిసెంబరు 13న జరిగిన ఘోరానికి బీజం ఆ ఆలస్యంలోనే ఉందని నా అభిప్రాయం.

హానోవర్ వీధి వెంట పడమరకు నడక మొదలుపెట్టాము. ఇప్పుడు రెండు వైపులా ఇళ్ళు, పూలకుండీలు, వరండాల్లో ఊగే కుర్చీలు. ఎదురైన ప్రతి మనిషీ తలాడించి పలకరిస్తుంటే మామయ్యకు మొదట ఆశ్చర్యంగానూ, కాసేపటికి సరదాగానూ అనిపించి, తానే ముందుగా పలకరించడం మొదలుపెట్టారు. మొక్కలకు నీళ్ళు పడుతున్న ఒక పెద్దావిడ, మేము నేల వంక చూస్తూ నడవడం గమనించి, దేనికోసం వెతుకుతున్నారని అడిగింది. కాలువ కోసమని చెప్పగానే నవ్వి, కెన్‌మోర్ అవెన్యూ దాటేటప్పుడు మీ కాళ్ళ కిందే ఉంటుందని చెప్పింది. మరమిల్లులకు నీరు తీసుకుపోయే కాలువ ఆనాడు సరిగ్గా అక్కడ అడ్డంగా పారేది. దాని మీది వంతెనల పలకలు చాలావరకు పీకేసి ఉండడంతో, ఊళ్ళోంచి బారులుగా వచ్చిన సైనికులు ఆ ఇరుకు దారుల్లో ఒకరి వెనుక ఒకరుగా దాటవలసి వచ్చింది. గుట్టల మీది ఫిరంగులకు ఆ వంతెనల దూరం ముందే కొలిచి పెట్టినట్టుగా తెలుసు. కాలువ దాటాక నేల కొంచెం పల్లమై, మళ్ళీ మెల్లగా పైకి లేస్తుంది. ఆ పల్లంలో పడుకుంటే తలకు కాస్త రక్షణ ఉంటుంది. లేచి ముందుకు వెళితే ఇంకేమీ ఉండదు.

ఊరి అంచు నుంచి గోడ వరకు దాదాపు అర మైలు. మామయ్య మోకాళ్ళ నొప్పిని లెక్కలోకి తీసుకున్నా, దారి పొడుగునా ఆగి పలకరింపులు చెప్పుకున్నా, మాకు పావుగంట పట్టలేదు. మూతి నుంచి మందూ తూటా దట్టించే ఆనాటి రైఫిలును తర్ఫీదు పొందినవాడు నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చగలడు. మేరీస్ హైట్స్ అనే ఆ గుట్ట పాదంలో బళ్ళు నడిచి నడిచి గుంతపడిన పాత రోడ్డు ఒకటి ఉంది. దానికి ఊరి వైపున ఛాతీ ఎత్తు రాతిగోడ. ఎవరూ ప్రత్యేకంగా కట్టనక్కరలేకుండా దొరికిన కోట అది. థామస్ కాబ్ నాయకత్వంలోని జార్జియా బ్రిగేడూ, తరువాత వచ్చి కలిసిన మరిన్ని దళాలూ అక్కడ ఒకరి వెనుక ఒకరు వరుసలుగా నిలబడ్డారు. వెనుకవాళ్ళు తుపాకులు నింపి అందిస్తుంటే ముందువాళ్ళు పేలుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేవరకు బ్రిగేడు తరువాత బ్రిగేడుగా యూనియన్ దళాలు ఆ మైదానంలోకి వచ్చాయి. టోపీల్లో పచ్చని కొమ్మలు గుచ్చుకుని వచ్చిన ఐరిష్ బ్రిగేడులో సుమారు 1,200 మందికి 545 మంది పడిపోయారు. ఒక్కరూ గోడను తాకలేదు. ఆ పోరు మొత్తంలో యూనియన్ నష్టం, అంటే చనిపోయిన, గాయపడిన, గల్లంతైనవారు కలిపి, 12,600 పైచిలుకు, కాన్ఫెడరేట్ (దక్షిణాది) నష్టం 5,300 వరకు.

గోడ దగ్గరికి చేరాక మామయ్య దాని మీద చెయ్యి వేసి, ఇది కొత్త కట్టుబడిలా ఉందే అన్నారు. ఆయన కన్ను తప్పు పట్టలేదు. గోడలో అత్యధిక భాగం 1930ల్లో ఉపాధి పథకం కింద యువకులు తిరిగి కట్టినదే. పక్కనే ఉన్న ఇన్నిస్ హౌస్ అనే చిన్న చెక్క ఇంట్లో మాత్రం ఆనాటి తూటాల రంధ్రాలు లోపలి గోడల మీద అలాగే ఉన్నాయి. ఆ రంధ్రాలను కిటికీలోంచి చూడడానికి ముందు నిలబడ్డ పిల్లవాణ్ణి వాళ్ళ నాన్న పక్కకు జరిపి, మామయ్యకు చోటిప్పించాడు.

నాకు అక్కడ తట్టిన ప్రశ్న వేరు. ఒకే దారిన, ఒకే గోడ మీదికి, ఒకదాని తరువాత ఒకటిగా అన్ని దళాలను ఎందుకు పంపినట్టు? దక్షిణాన ప్రాస్పెక్ట్ హిల్ దగ్గర జార్జ్ మీడ్ డివిజన్ అదే రోజున శత్రువరుసను నిజంగానే చీల్చుకుని లోపలికి పోయింది. కానీ వెనుక నుంచి చాలినంత మంది రాక, వచ్చినంత దూరమూ వెనక్కి రావలసి వచ్చింది. గెలవగలిగిన చోట మనుషులు చాలలేదు, గెలవలేని చోట మనుషులు అయిపోయేదాకా పంపారు. ఈ చిక్కే ఆపైన మేము చూసిన ప్రతిచోటా వేరువేరు రూపాల్లో ఎదురైంది.

మధ్యాహ్నం ప్రిన్సెస్ ఆన్ వీధిలో 1947 నుంచి నడుస్తున్న కార్ల్స్ అనే చిన్న దుకాణం ముందు క్యూలో నిలబడి ఫ్రోజెన్ కస్టర్డ్ తిన్నాము. గుడ్డుసొన కలిపి చేసే ఈ ఐస్‌క్రీమ్ చిక్కగా, తీపి తక్కువగా ఉంటుంది. క్యూ పొడుగ్గానే ఉంది గాని, ఎవరూ తోసుకోరు, కౌంటరు దగ్గరికి చేరాక ఆలోచించడం మాత్రం మర్యాద కాదు, ఏం కావాలో ముందే అనుకుని చెప్పాలి.

సాయంత్రం మళ్ళీ అదే గుట్టకు వెళ్ళాము. మేరీస్ హైట్స్ మీద ఇప్పుడు జాతీయ శ్మశానం ఉంది. అందులో 15 వేలకు పైగా యూనియన్ సైనికులు ఉన్నారు, వారిలో పేరు తెలిసినవారు ఐదో వంతు కూడా లేరు. పేరు లేనివారికి చిన్న చదరపు రాళ్ళు, రాయి మీద ఒక సంఖ్య, దాని కింద ఆ గుంటలో ఎందరున్నారో చెప్పే మరో సంఖ్య. ప్రాణాలతో ఎక్కలేని గుట్ట మీదికి ఈ విధంగా చేరారన్నమాట. మెమోరియల్ డే ముందటి శనివారం స్కౌట్ పిల్లలు ఒక్కొక్క సమాధికీ ఒక కాగితపు సంచిలో ఇసుక పోసి కొవ్వొత్తి వెలిగిస్తారు. గాలికి ఆరిపోయినవాటిని మళ్ళీ వెలిగిస్తూ పది పన్నెండేళ్ళ పిల్లలు మెట్ల వరుసల మధ్య పరుగులు పెడుతుంటే, వాళ్ళ వెంట పెద్దవాళ్ళు అగ్గిపెట్టెలతో తిరుగుతున్నారు. ప్రవేశానికి డబ్బేమీ లేదు, కారు నిలపడానికి చోటు దొరకడమే కష్టం.

ఆదివారం ఉదయం, స్పాట్సిల్వేనియా

ఫోను చూపిన దారి మమ్మల్ని కొత్తగా కట్టిన ఇళ్ళ కాలనీలోకి తీసుకుపోయి, ఒక గుండ్రటి మలుపు దగ్గర దిగవిడిచింది. ట్రక్కు కడుక్కుంటున్న ఒక నడివయసు మనిషి గొట్టం ఆపి, తడి చేతులు తుడుచుకుని, ఒక కాగితం మీద దారి గీసి ఇచ్చాడు. పొడుగు సాక్సులు వేసుకోండి, గడ్డిలో పిడుదులు ఉంటాయి అని కూడా హెచ్చరించాడు. ఆ సలహా చాలా విలువైనది. మామయ్య ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకుని, గనిలోకి దిగే రోజులు గుర్తొచ్చాయన్నారు.

1864 మే నాటికి యుద్ధం తీరు మారిపోయింది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో గోడ దొరికింది కాబట్టి దాని వెనుక నిలబడ్డారు. ఇక్కడికి వచ్చేసరికి ఆగిన ప్రతిచోటా రెండు వైపులవారూ గంటల్లో కందకం తవ్వి, దుంగలు పేర్చి, మట్టి పోసి, ముందు కొమ్మలు చెక్కి మొనదేలిన చెట్లు అడ్డం పడవేసేవారు. లీ సైన్యపు వరుస ఒకచోట కంచరగాడిద లాడం ఆకారంలో ముందుకు పొడుచుకు వచ్చింది. ఆ వంపు పడమటి ముఖం మీద మే 10న ఎమరీ అప్టన్ అనే కర్నల్ చేసిన దాడి గురించి తెలుసుకోవడానికే మేము ఇంత దూరం వచ్చాము.

అప్టన్ దారి ఇప్పటికీ అడవిలో సన్నటి కాలిబాటగా ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవవచ్చు. చివర చెట్లు ఆగిపోయి, సుమారు 200 గజాల పచ్చిక, దాని అవతల కందకపు కట్టలు. అప్టన్ 12 రెజిమెంట్లను, దాదాపు 5,000 మందిని, మూడేసి చొప్పున నాలుగు వరుసలుగా ఇక్కడ చప్పుడు లేకుండా పడుకోబెట్టాడు. ఆయన చేసిన మార్పు వినడానికి చాలా చిన్నది. తుపాకులన్నీ నింపించాడు గాని, పేల్చడానికి అవసరమైన క్యాపును మొదటి వరుసవాళ్ళను మాత్రమే పెట్టుకోనిచ్చాడు. మిగిలినవాళ్ళు దారిలో ఆగి కాల్చాలనుకున్నా కాల్చలేరు. మైదానం మధ్యలో ఆగి తుపాకీ నింపుకునేవాడే ముందు చచ్చేవాడని, ఆగితే వెనుక వరుస కూడా ఆగిపోతుందని, అందుకే పరుగు ఆపకూడదని ఆయన లెక్క. మొదటి వరుస కట్ట దాటి కుడి ఎడమలకు విడిపోవాలి, రెండోది కట్ట దగ్గర ఆగి అవసరమైతే ముందుకు కాల్చాలి, మూడోది పడుకుని వేచి ఉండాలి, నాలుగోది అడవి అంచున నిలవాలి.

ఆ 200 గజాలు మేము నడిచేసరికి మూడు నిమిషాలైంది. పరుగెత్తితే నిమిషంన్నర చాలు. అంటే అవతలివాడికి మూడు నాలుగు తూటాలకు మించి అవకాశం లేదు. అప్టన్ మనుషులు నిజంగానే కట్ట దాటారు, చేతులతో కలబడి వరుసను చీల్చారు, వెయ్యి మంది దాకా పట్టుకున్నారు. ఎడమ వైపు నుంచి రావలసిన డివిజన్ మాత్రం ఫిరంగుల కాల్పులకు చెదిరి రాలేదు. చీకటి పడ్డాక వెనక్కి రావలసి వచ్చింది. ఆ సాయంత్రం యూనియన్ సైన్యాలన్నిటికీ అధిపతి అయిన యులిసెస్ గ్రాంట్ అప్టన్‌కు బ్రిగేడియర్ జనరల్ పదవి ఇచ్చి, ఇదే పద్ధతిని కొన్ని డివిజన్లు కలిసిన ఒక పూర్తి కోర్‌తో ప్రయత్నించాలని నిర్ణయించాడు.

ఆ ప్రయత్నం మే 12 తెల్లవారుజామున, వానలో, పొగమంచులో జరిగింది. యూనియన్ జనరల్ హాన్‌కాక్ కోర్‌లోని సుమారు 20 వేలమంది వంపు కొనలోకి దూసుకుపోయి, ఇద్దరు జనరళ్ళతో సహా దాదాపు 3,000 మందిని బందీలుగా పట్టుకున్నారు. దక్షిణాదివాళ్ళ ఫిరంగులు ముందు రాత్రే పొరపాటు అంచనాతో అక్కడి నుంచి కదిలించడం దీనికి బాగా తోడ్పడింది. అంతటితో గెలుపు ఆగిపోయింది. ఇరుకు చోటులోకి అంతమంది చొరబడేసరికి దళాలు కలగాపులగమై, ఎవరు ఎవరి ఆజ్ఞ వినాలో తెలియని గుంపు అయింది. లీ ఎదురుదాడి చేయించాడు. ఆపైన దాదాపు 20 గంటలు ఒకే మట్టికట్టకు ఈ పక్కన వీళ్ళూ ఆ పక్కన వాళ్ళూ నిలబడి, వానలో, దుంగల సందుల్లోంచి కాల్చుకున్నారు, పొడుచుకున్నారు. దాదాపు రెండడుగుల మందం ఉన్న ఓక్ చెట్టు తూటాలకే కోసుకుపోయి కూలింది. దాని మొదలు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ చోటును బ్లడీ ఏంగిల్ అంటారు.

ఇప్పుడు చూడడానికి అక్కడ పొలంగట్ల వంటి మట్టి వరుసలు తప్ప ఏమీ లేవు. వాటి మీద కాలు పెట్టవద్దని బోర్డులు ఉన్నాయి. మేము చెట్టు నీడన బల్ల దగ్గర కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిన్నాము. పక్క బల్ల దగ్గర ఉన్న ముసలి దంపతులు వాసన పట్టి అడిగితే మామయ్య ఆకు ప్లేటులో పులిహోర పెట్టి ఇచ్చారు. బదులుగా వాళ్ళు పచ్చి మొక్కజొన్నగింజల సలాడ్ డబ్బా మా బల్ల మీద పెట్టేసి, ఖాళీ డబ్బా కూడా తిరిగి తీసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం, కోల్డ్ హార్బర్

రిచ్‌మండ్‌కు ఈశాన్యాన, ఊరి పొలిమేర ఇళ్ళు ఆగీ ఆగకముందే ఈ మైదానం వస్తుంది. పైన్ చెట్ల మధ్య ఒక మైలు లోపు చుట్టు బాట. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోలాగా కళ్ళకు కట్టే గుట్ట లేదు, గోడ లేదు. దక్షిణాది కందకం సూటిగా కాకుండా వంకరలు పోతుంది, ప్రతి వంకరలోంచీ పక్కనున్న వంకర ముందరి నేల మీదికి కాల్చవచ్చు. ఎదురుగా వచ్చేవాడికి ముందు నుంచే కాదు, రెండు పక్కల నుంచీ తూటాలు వస్తాయి. జూన్ 1 సాయంత్రం జరిగిన దాడికి కొంత ఫలితం దక్కింది. మరునాడే దానిని కొనసాగించాలనుకున్నారు గాని, రాత్రంతా నడిచి వచ్చిన కోర్ అలసిపోయి ఉండడంతో ఒక రోజు వాయిదా వేశారు. ఆ రోజంతా లీ మనుషులు తవ్వుతూనే ఉన్నారు.

జూన్ 3 తెల్లవారుజామున నాలుగున్నరకు మూడు కోర్‌లు కదిలాయి. ముందు ఏముందో చూసి రావడానికి సేనాపతులెవరూ సరిగా శ్రద్ధ పెట్టలేదు. ఏ కోర్ ఎటు వెళుతోందో పక్క కోర్‌కు తెలియక, ముందుకు పోయినకొద్దీ వాటి మధ్య ఖాళీలు పెరిగి, ప్రతి ఒక్కటీ పక్కల నుంచి కాల్పులకు గురైంది. అరగంటలో ఏడు వేలమంది పడిపోయారని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇటీవలి పరిశోధకులు ఉదయపు దాడి నష్టాన్ని అందులో సగం దాకా తగ్గించారు. సగమైనా ఆ కొద్ది సమయానికి చిన్నదేమీ కాదు. ముందు రాత్రి కొందరు సైనికులు తమ పేరూ ఊరూ కాగితాల మీద రాసి కోట్ల వీపున పిన్నులతో గుచ్చుకుంటుంటే చూశానని గ్రాంట్ సిబ్బందిలోని హొరేస్ పోర్టర్ తరువాత రాశాడు. ఆ చివరి దాడిని చేయించినందుకు ఎప్పుడూ విచారిస్తూనే ఉన్నానని గ్రాంట్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

దాడి ఆగాక వెనక్కి పోలేకపోయినవాళ్ళు పడుకున్న చోటనే బాయొనెట్లతోనూ (తుపాకీ కొనకు బిగించే కత్తులు), తినే పళ్ళేలతోనూ మట్టి తవ్వుకుని కందకాలు చేసుకున్నారు. ఆ లోతు తక్కువ గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. గాయపడినవారిని తెచ్చుకోవడానికి కాల్పుల విరామం ఎవరు ముందు అడగాలన్న పట్టింపుతో రెండు వైపులా ఉత్తరాలు నడిచాయి, జూన్ 7 దాకా అది కుదరలేదు. అప్పటికి బతికి ఉన్నవారు బహు కొద్దిమంది. ఇది చదివాక మామయ్య చాలాసేపు కోపంగా ఉన్నారు. గనిలో పైకప్పు కూలి ఎవరైనా చిక్కుకుంటే, మేనేజరుతో ఎంత తగాదా ఉన్నా అందరూ లోపలికి దిగుతారు, అదీ లేదా వీళ్ళకు అన్నారు.

ఆ రాత్రి రిచ్‌మండ్ శివారులోని గ్లెన్ ఆలెన్‌లో మోటెల్ గదికి 94 డాలర్లు. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక భోజనానికి ఇబ్బంది లేదు. వేడి వేడి ఇడ్లీ, పల్లీ చట్నీ దొరికింది.

సోమవారం, పీటర్స్‌బర్గ్

మెమోరియల్ డే ఆచారం తమ ఊరి బ్లాండ్‌ఫర్డ్ చర్చి శ్మశానంలోనే మొదలైందని పీటర్స్‌బర్గ్‌వాళ్ళ వాదన. ఇంకా కొన్ని ఊళ్ళవాళ్ళు కూడా ఇదే మాట తమ గురించి చెప్పుకుంటారు. దారిలో ఒక బండి దగ్గర ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశనగకాయల సంచి ఏడు డాలర్లకు కొన్నాము. పల్లీలు ఉడకబెట్టి తినేది మన పల్లెల్లోనే అనుకున్నానని మామయ్య సంతోషించారు. అమ్మే ఆవిడ ఆయనను ప్రతి మాటకూ "సర్" అంటూ, చివర ఇంకో గుప్పెడు వేసి ఇచ్చింది.

యుద్ధభూమి పార్కులో మొదట 1వ మెయిన్ హెవీ ఆర్టిలరీ స్మారకం దగ్గర ఆగాము. పేరుకు ఫిరంగిదళమైనా, 1864లో వాళ్ళకు తుపాకులిచ్చి పదాతిదళంగా మార్చారు. వాషింగ్టన్ చుట్టూ కోటల్లో కాపలా ఉన్నవాళ్ళు కనుక, కందకాల మీద దాడి అంటే ఏమిటో కళ్ళారా చూడనివాళ్ళు. జూన్ 18న దాడి ఆజ్ఞ వచ్చినప్పుడు పక్కనున్న అనుభవజ్ఞులైన దళాలు ముందుకు కదలడానికి ఇష్టపడలేదు. మెయిన్‌వాళ్ళు ఒంటరిగా పచ్చికలోకి వెళ్ళారు. సుమారు 900 మందిలో 632 మంది కొద్ది నిమిషాల్లో చావనైనా చచ్చారు, గాయపడనైనా పడ్డారు. ఆ యుద్ధం మొత్తంలో ఒక రెజిమెంటు ఒకే పోరులో కోల్పోయిన అతి పెద్ద సంఖ్య ఇదేనంటారు. కోల్డ్ హార్బర్ చూసి వచ్చినవాడికి ఆ అనుభవజ్ఞుల వెనుకంజ పిరికితనంగా అనిపించదు.

ఇంతకు మూడు రోజుల ముందు, జూన్ 15న, ఇదే ఊరి చుట్టూ ఉన్న కట్టడాలను నల్లజాతి సైనికుల డివిజన్ ఒకటి తక్కిన దళాలతో కలిసి సాయంత్రం లోపలే పట్టుకుంది. కందకాల్లో అప్పుడు మనుషులు చాలా పలుచగా ఉన్నారు. సేనాపతి విలియం స్మిత్ చీకటిలో ముందుకు పోవడానికి జంకి అక్కడే ఆగిపోయాడు. ఆగిన ఆ ఒక్క రాత్రికి తొమ్మిది నెలల ముట్టడి మూల్యమైంది.

తరువాత సొరంగం. 48వ పెన్సిల్వేనియా రెజిమెంటులో స్కూల్‌కిల్ జిల్లా బొగ్గుగని కార్మికులు చాలామంది. వాళ్ళ నాయకుడు హెన్రీ ప్లెజంట్స్ స్వయంగా గని ఇంజినీరు. ఎదురుగా ఉన్న దక్షిణాది కోట కిందికి సొరంగం తవ్వగలమని ఆయన ప్రతిపాదిస్తే, సైన్యపు ఇంజినీర్లు అంత పొడవు సొరంగం గాలి ఆడక పనికిరాదని కొట్టిపారేశారు. పనిముట్లు ఇవ్వలేదు, కలప ఇవ్వలేదు. కార్మికులు పాత వంతెన దుంగలను పీకి తెచ్చుకున్నారు, బిస్కట్ల పెట్టెలకు పిడులు తగిలించి మట్టి మోశారు. జూన్ 25న మొదలుపెట్టి జూలై మధ్యకల్లా 511 అడుగులు తవ్వేశారు.

సొరంగం ముఖం ఇప్పుడు దుంగలతో తిరిగి కట్టినది. లోపలికి వెళ్ళనివ్వరు. దాని పైన నేల మీద, సొరంగం కూలిన దారి వెంట చిన్న చిన్న పల్లాలు వరుసగా కనిపిస్తాయి. మామయ్య సొరంగం ముఖం దగ్గర వంగి చాలాసేపు లోపలికి చూశారు.

"ఒకటే ముఖం ఉంది. రెండో దారి లేదు. గాలి ఎట్ల తిరిగింది అల్లుడూ?" అని అడిగారు.

బోర్డు మీది బొమ్మ చూపించాను. ముఖానికి 100 అడుగుల లోపల, తమ కందకాల వెనుకనే, పైకి నిలువు గొట్టంలాగా ఒక రంధ్రం తవ్వి, దాని అడుగున రాత్రీ పగలూ మంట పెట్టారు. వేడిగాలి పైకి పోతూ లోపలి చెడుగాలిని లాగేది. ముఖం దగ్గర గుడ్డ తలుపు బిగించి, నేల వెంట చెక్క గొట్టం ఒకటి పని జరిగే చివరి దాకా పొడిగిస్తూ పోయారు. మంట లాగిన ఖాళీని నింపడానికి బయటి గాలి ఆ గొట్టంలోంచి సరాసరి తవ్వేవాడి ముఖం దగ్గరికి చేరేది.

మామయ్య గట్టిగా నవ్వారు. "ఫ్యాన్లు రాకముందు గనుల్లో ఇట్లనే మంట పెట్టి గాలి లాగేవాళ్ళని మాకు ట్రైనింగులో చెప్పారు. ఇంజినీర్లకు తెలియక కాదు, కూలివాడు చెప్పినందుకు వినలేదు" అన్నారు. పేలుడు మందు వెనుక ఇసుక సంచులు ఎందుకు దట్టించారో నేను అడగకముందే ఆయన వివరించారు: అలా బిగించకపోతే పేలుడు బలమంతా సులువు దారి వెతుక్కుని వచ్చిన సొరంగంలోంచే వెనక్కి తన్నుతుంది, పైన ఉన్న నేల లేవదు.

320 పీపాల్లో 8,000 పౌండ్ల మందు పెట్టారు. జూలై 30 తెల్లవారుజామున మూడున్నరకు పేలవలసింది పేలలేదు. వత్తి అతుకు వేసిన చోట ఆరిపోయింది. హ్యారీ రీస్ అనే సార్జంటు, జేకబ్ డౌటీ అనే లెఫ్టినెంటు లోపలికి పాకి వెళ్ళి మళ్ళీ అంటించి వచ్చారు. ఆ సంగతి చదువుతూ మామయ్య తల అడ్డంగా ఊపారు. పేలని మందు దగ్గరికి తిరిగి పోవడం ఎలాంటిదో గనిలో మందు పేల్చే షాట్‌ఫైరర్‌కు తెలుసునన్నారు. 4 గంటల 44 నిమిషాలకు కోట గాలిలోకి లేచింది. 278 మంది దక్షిణాదివారు ఆ పేలుడులోనే చనిపోయారు. 170 అడుగుల పొడవు, 30 అడుగుల లోతు గల గొయ్యి మిగిలింది. ఇప్పుడు అది పూడి, పచ్చగడ్డి మొలిచి, చాలా నిస్సారంగా కనిపిస్తుంది. 1920ల్లో కొన్నాళ్ళు ఇక్కడ గోల్ఫ్ మైదానం కూడా నడిచింది.

గనివాళ్ళు తమ పని లోపం లేకుండా చేశారు, సేనాపతులు తమ పని చేయలేదు. పేలుడు తరువాత గొయ్యికి రెండు పక్కల నుంచి వెళ్ళాలని నల్లజాతి సైనికుల డివిజన్‌కు ముందుగా తర్ఫీదు ఇచ్చారు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో డివిజన్ నడిపి, ఇప్పటికి సైన్యాధిపతి అయిన మీడ్, దాడికి ముందు రోజు ఆ ఏర్పాటు మార్చేశాడు. దాడి విఫలమైతే నల్లవాళ్ళను కావాలని బలిపెట్టారంటారన్న భయం ఒకటి, వాళ్ళ మీద నమ్మకం లేకపోవడం మరొకటి. మిగిలిన మూడు డివిజన్ల నాయకుల మధ్య చీటీలు వేస్తే జేమ్స్ లెడ్లీకి వచ్చింది. అతను దాడి సమయంలో వెనుక భూగర్భ బంకర్‌లో రమ్ము తాగుతూ కూర్చున్నాడు. తమ సొంత కందకంలోంచి పైకి ఎక్కడానికి నిచ్చెనలు లేవు, ముందున్న అడ్డంకులు తీయించలేదు. సైనికులు ఇరుకు సందులోంచి బయటపడి, గొయ్యి పక్కల నుంచి కాకుండా నేరుగా గొయ్యిలోకే దిగారు. వెనుక వచ్చినవారూ దాంట్లోకే దిగారు. నిలువు మట్టిగోడలు ఎక్కలేక, కదలడానికి చోటు లేక అక్కడే చిక్కుకున్నారు. చివరగా పంపిన నల్లజాతి డివిజన్ గొయ్యి దాటి అందరికన్నా ముందుకు పోయింది. విలియం మహోన్ దళాలు ఎదురుదాడి చేసి వాళ్ళను వెనక్కి తోశాయి, లొంగిపోయిన నల్ల సైనికులను చాలామందిని చంపేశాయి. యూనియన్ నష్టం 3,800 దాకా. ఈ యుద్ధంలో ఇంత విచారకరమైన సంఘటన చూడలేదని గ్రాంట్ రాశాడు. చీలిన గోడలోంచి ఏ పక్కకు, ఎవరు, ఏ వరుసలో పోవాలో అప్టన్ తన 12 రెజిమెంట్లకు చెప్పగలిగినది ఇక్కడ ఒక సైన్యమంతా కలిసి చెప్పలేకపోయింది.

రాత్రికి బ్రన్స్‌విక్ స్ట్యూ తిన్నాము. దగ్గర్లోని ఒక జిల్లా పేరుతో చెలామణీ అయ్యే ఈ కూరలో ఒకప్పుడు ఉడుత మాంసం వేసేవారట. ఇప్పుడు కోడి, టమాటా, మొక్కజొన్న, చిక్కుడుగింజలు. గిన్నె తొమ్మిది డాలర్లు. చిక్కగా బాగానే ఉంది గాని, కారం లేదు.

చివరి రోజు, బ్రేక్‌త్రూ

బ్రేక్‌త్రూ, అంటే దక్షిణాది వరుసను చివరకు చీల్చిన చోటు, పీటర్స్‌బర్గ్‌కు నైరుతిన పాంప్లిన్ పార్కులో ఉంది. ఆ పార్కు ప్రైవేటు సంస్థది, టిక్కెట్టు ఉంది. మేము చూసిన చోట్లన్నిటిలో డబ్బు తీసుకున్నది ఇదొక్కటే, దానికి తగిన విలువ కూడా ఉంది. కందకాల ఎత్తు, ముందరి గుంత, మొనదేల్చిన కొయ్యల అడ్డుకట్ట, ఇవన్నీ అసలు కొలతలతో ఒకచోట కట్టి చూపించారు. తక్కినచోట్ల అరిగిపోయిన గట్లు చూసి ఊహించుకోవలసినది ఇక్కడ మనిషి ఎత్తులో ఎదురుగా నిలబడుతుంది. మామయ్య ఆ గుంతలో దిగి పైకి చూసి, తనంతట తాను ఎక్కలేనని తేల్చేశారు.

1865 ఏప్రిల్ 2 తెల్లవారుజామున హొరేషియో రైట్ కోర్‌లోని సుమారు 14 వేలమంది ఇక్కడ చీకట్లో నేల మీద పడుకుని, ఫిరంగి సంకేతం కోసం వేచి ఉన్నారు. వాళ్ళ ముందు గొడ్డళ్ళు పట్టుకున్న మనుషులు నిలిచారు. అడ్డంకులు నరకడమే వాళ్ళ పని, కాల్చడం కాదు. దళాలన్నీ త్రికోణపు కొనలాగా ఒకే చోటికి గురిపెట్టి నిలిచాయి. ఆ చోటును ఎంచినది వెర్మాంట్ బ్రిగేడ్ నాయకుడు లూయిస్ గ్రాంట్. అక్కడ ఒక వాగు కందకాల వరుసను దాటుతుంది, దాని వెంట అడ్డంకుల్లో ఖాళీ ఉంది. చీకట్లో దారి తప్పకుండా ఆ వాగునే ఎడమవైపు గుర్తుగా పెట్టుకున్నారు. ముందు రోజు ఫైవ్ ఫోర్క్స్‌లో ఓడిన లీ ఆ వైపుకు మనుషులను తరలించడంతో, ఇక్కడి కందకాల్లో మనిషికీ మనిషికీ మధ్య గజాల దూరం ఏర్పడింది.

వెర్మాంట్ 5వ రెజిమెంటుకు చెందిన కెప్టెన్ చార్లెస్ గూల్డ్ ముందుగా కట్ట మీదికి దూకి, ముఖం మీద బాయొనెట్ పోటు తిన్నా ప్రాణాలతో బయటపడ్డాడు. అరగంటలో పని ముగిసింది. ఆ అరగంటలో 1,100 మంది యూనియన్ సైనికులు పడిపోయారు, పలుచని వరుస మీద, మంచి పథకంతో, చీకట్లో చేసిన గెలుపు దాడికే ఇంత ఖర్చు. చీలిక తరువాత దళాలు కలగాపులగమైన మాట ఇక్కడా నిజమే. అయితే ఈసారి వెనుక నుంచి కొత్తవాళ్ళు వచ్చారు, అధికారులు గుంపులను తిరిగి వరుసల్లోకి తెచ్చి, ఎడమకు తిప్పి కందకాల వెంటే నైరుతికి నడిపించారు. ఆ ఉదయమే దక్షిణాది సేనాపతి ఏ. పీ. హిల్, చీలిన వరుసను చూసుకోవడానికి వస్తూ, దారిలో ఎదురుపడ్డ ఇద్దరు పెన్సిల్వేనియా సైనికుల కాల్పుల్లో చనిపోయాడు. లీ ఆ రాత్రే పీటర్స్‌బర్గ్, రిచ్‌మండ్ రెండూ ఖాళీ చేశాడు. వారం తిరిగేసరికి అపొమాటాక్స్‌లో లొంగిపోయాడు.

ఎవరైనా ఈ దారిన వెళ్ళాలనుకుంటే నా సలహా ఇది: ఎండ ముదరకముందు బ్రేక్‌త్రూ బాట నడవండి, అందులో యూనియన్ కాపలాగుంతల నుంచి కందకం దాకా వచ్చే భాగాన్ని వదిలిపెట్టకండి. మ్యూజియం తీరిగ్గా మధ్యాహ్నం చూడవచ్చు, లోపల చల్లగా ఉంటుంది. నీళ్ళ సీసాలు వెంట ఉండాలి, బాట మీద ఎక్కడా దొరకవు. తిరుగు ప్రయాణంలో సాయంత్రం మూడు దాటాక రిచ్‌మండ్‌కు ఉత్తరాన 95 మీదికి ఎక్కకండి. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర వాహనాలు రెండు గంటలు కదలవు. మేము రూట్ 1 పట్టుకుని, మామయ్య కోసం ఇంకొక సంచి ఉడికిన పల్లీలు కొనుక్కుని, చీకటి పడ్డాక ఇల్లు చేరాము.